మార్జాల కిశోర న్యాయం

తెలుగువారి నోట పిల్లి నానినంతగా మరే జంతువూ నాని ఉండదేమో అనిపిస్తుంది. లోభిని గురించి చెప్పవలసివస్తే పిల్లికి బిచ్చం పెట్టనివాడంటాము. ఒకచోట నిలువలేనివాణ్ణి కాలు కాలిన పిల్లి అంటాము. ఎవరూ చూడటం లేదనుకుని తప్పుడు పని చేసేవాణ్ణి కళ్ళు మూసుకుని పాలు త్రాగే పిల్లితో పోలుస్తాము. ప్రయాణమై గడప దాటేటప్పుడు అది ఎదురైతే వెనుదిరిగి, కాళ్ళు కడుక్కుని, కాసిని మంచినీళ్ళు త్రాగి మరీ బయలుదేరుతాము. ఇన్ని మాటలలో ఆ మూగజీవికి మంచిపేరు తెచ్చినది దాదాపు లేదనే చెప్పాలి.

దానికి గౌరవస్థానం దక్కిన చోటు ఒకటున్నది. అది శ్రీవైష్ణవ సంప్రదాయం. భగవంతుణ్ణి జీవుడు ఆశ్రయించే తీరును వివరించడానికి పెద్దలు రెండు న్యాయాలు చెప్పారు. కోతిపిల్ల తన బలంతో తల్లి పొట్టను కరచుకుని ఉంటుంది. పట్టు సడలితే పడిపోతుంది. ఇది మర్కట కిశోర న్యాయం. పిల్లికూన ఏ ప్రయత్నమూ చేయదు. ఉన్నచోటనే ఉండి అరుస్తుంది. తల్లియే వచ్చి మెడపట్టి సురక్షితమైన చోటికి చేరుస్తుంది. ఇది మార్జాల కిశోర న్యాయం. వడగలై వారు మొదటిదానిని, తెంగలై వారు రెండవదానిని ప్రమాణంగా తీసుకున్నారు. ఈ శాస్త్రచర్చలో ప్రవేశించే అర్హత ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరునైన నాకు లేదు. అయినా ఈ రెండు న్యాయాలు నా జీవితంలో ఎదురెదురుగా నిలబడిన సందర్భమొకటి వచ్చింది. మన పత్రిక సంపాదకవర్గం వారు "మీ పిల్లుల సంగతి వ్రాయండి" అని కోరినప్పుడు నాకు మొదట స్ఫురించినది అదే.

నన్నెరిగిన సహోద్యోగులకు నా ఎడమకాలి సంగతి కొత్త కాదు. రెండవ ఏట వచ్చిన జ్వరం నాలుగు రోజులలో తగ్గింది గాని, పోతూ పోతూ ఆ కాలి సత్తువను తీసుకుపోయింది. ఆ కాలంలో పోలియో సోకని వీధి ఉండేది కాదు. మన దేశంలో పల్స్ పోలియో కార్యక్రమం 1995లో మొదలయింది. చిట్టచివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదయింది. 2014 మార్చి 27న మన ప్రాంతం పోలియోరహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఆ వార్త చదివిన నాడు కలిగిన సంతోషం నా ఉద్యోగ జీవితంలో ఏ పదోన్నతికీ కలుగలేదు.

మా నాన్నగారు నాకు నేర్పినది మర్కట న్యాయం. "ఎవరి చేయీ పట్టుకోకు నాన్నా, గోడ పట్టుకో" అనేవారు. కాలిపర్ బిగించుకుని, గోడలు పట్టుకునే బడికి వెళ్ళాను, బి.టెక్. పూర్తిచేశాను, మన సంస్థలో చేరి కంట్రోల్ రూములో మూడు దశాబ్దాలు పనిచేశాను. సహాయం అడగకపోవడమే ఆత్మగౌరవమని నమ్ముతూ వచ్చాను. సహాయం పుచ్చుకునేవాడు తప్ప ఇచ్చేవాడు కాడన్న దృష్టితో వికలాంగుణ్ణి చూసే లోకంలో ఆ నమ్మకం నాకు కవచంగా పనిచేసిందనడంలో సందేహం లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకింది. నేలకొరిగిన చెట్ల నడుమ, కరెంటు లేని ఆ రాత్రులలో మా క్వార్టర్సు మెట్ల క్రింద ఒక తల్లిపిల్లి నాలుగు కూనలతో తలదాచుకున్నది. అప్పట్లో ఇంటరు చదువుతున్న మా అమ్మాయి వాటిని లోపలికి తెచ్చింది. పదిహేను రోజుల పాటు అనుకున్న ఆతిథ్యం దశాబ్దం దాటింది. అమ్మాయి ఉద్యోగరీత్యా పూణే వెళ్ళిపోయినా పిల్లులు రావడం ఆగలేదు. ఇంతవరకు మా ఇంట ఆశ్రయం పొందిన కూనలు 27. వాటిలో 21 మంచి ఇళ్ళకు చేరాయి. నాలుగు దక్కలేదు. రెండు మాతోనే ఉండిపోయాయి. ఆశ్రయమిచ్చి, ఆరోగ్యం కుదిర్చి, శాశ్వతంగా పెంచుకునేవారికి అప్పగించడమే మేము చేసే పని. కన్యాదానం చేసే తండ్రి బాధ ఎటువంటిదో నాకు 21 సార్లు అనుభవమయింది.

పిల్లిని ఇంటిలోపలనే ఉంచి పెంచడం కాళ్ళు బాగున్నవారికే ఒక పరీక్ష. ఒక కాలికి ఇనుప చట్రం, ఒక చేతికి కర్ర ఉన్నవానికి అది మరొక తరహా పరీక్ష. పిల్లికి మనిషి కాళ్ళ మధ్య నుండి దూరిపోవడం మహా ఇష్టం. ఆకలివేళ అయితే చెప్పనక్కరలేదు. నాబోటివాడు పడితే లేవడానికి మరొకరు కావాలి. బలం లేని కాలిలో ఎముక సైతం పలుచబడి ఉంటుంది కనుక విరిగితే అతకడం ఆలస్యం. కర్మాగారంలో మనం ప్రమాదం జరిగేదాకా వేచి ఉండము కదా. తృటిలో తప్పినదానిని కూడా 'నియర్ మిస్' అని నమోదు చేసి, కారణం వెతికి, ఏర్పాటు మారుస్తాము. అదే పద్ధతిని ఇంటిలో ప్రవేశపెట్టాను. ఒక పాత నోటుపుస్తకంలో తేదీ, సమయం, స్థలం, కారణం అని నాలుగు గళ్ళు గీశాను. ఆరు నెలలలో 19 నమోదులు వచ్చాయి. వాటిలో 12 వంటింటి గుమ్మం దగ్గరవే, అవీ ఉదయం ఆరు గంటల ప్రాంతంలోనివే. నా చేతిలో పాలగిన్నె ఉండే వేళ అది.

కారణం తెలిసిన తరువాత పరిష్కారం కష్టం కాలేదు. నేను మంచం దిగకముందే వాటి ఆహారం వేరే గదిలో పెట్టే బాధ్యతను మా శ్రీమతి తీసుకున్నది. గుమ్మం దగ్గర రాత్రంతా వెలిగే చిన్న దీపం అమర్చాము. ప్రతి పిల్లి మెడకు చిరుగంట ఉన్న పట్టీ వేశాము. ఎక్కడైనా చిక్కుకుంటే దానంతటదే ఊడిపోయే రకం పట్టీ, లేకపోతే ఉరి పడే ప్రమాదముంది. పిల్లి మెడలో గంట ఎవరు కడతారన్న పురాతన ప్రశ్నకు ఈ విధంగా మా ఇంటిలో సమాధానం దొరికింది! మరుసటి ఆరు నెలలలో నమోదులు మూడుకు తగ్గాయి.

వంగడం మరొక సమస్య. నేలమీది ఇసుక పళ్ళాన్ని శుభ్రం చేయాలంటే కాలిపర్ మోకాలి తాళం విప్పి, పీట మీదికి చేరి, మళ్ళీ లేచి తాళం వేసుకోవాలి. అందుకని నడుమెత్తు బల్లమీద చెక్క చట్రానికి ఇనుప జాలీ బిగించి ఒక పెద్ద పెట్టె చేశాను. పడక, నీళ్ళు, ఇసుక పళ్ళెం అన్నీ అందులోనే. నిలబడే అన్ని పనులూ చేయవచ్చు. ఎదిగిన పిల్లుల కోసం ఒక వాలుపలక అమర్చాను. దీనికి కర్మాగారపు సామగ్రి ఒక్క మేకైనా వాడలేదని, కలపకు, జాలీకి రసీదులు నా వద్ద భద్రంగా ఉన్నాయని విజిలెన్సు విభాగం వారికి సవినయంగా మనవి!

2023 వానాకాలంలో సబ్‌స్టేషన్ కేబుల్ ట్రెంచిలో మూడు కూనలు దొరికాయి. తల్లి అంతకు ముందురోజు లారీ క్రింద పడి మరణించింది. కళ్ళు అప్పుడప్పుడే తెరుచుకుంటున్నాయి గనుక వయసు పదిరోజులు ఉంటుందని అంచనా వేశాము. వంటింటి త్రాసు మీద తూస్తే 195, 180, 160 గ్రాములు తూగాయి. నట్టు, బోల్టు, వాషరు అని నామకరణం చేశాము. అన్నిటికన్నా చిన్నది వాషరు.

ఆ వయసు కూనకు తన ఒంటి వేడిని తాను నిలుపుకునే శక్తి చాలదు. పెట్టెలో ఒకవైపు వేడినీళ్ళ సీసాను తువ్వాలులో చుట్టి పెట్టాలి. వేడి ఎక్కువైతే తప్పుకోవడానికి రెండవవైపు చల్లగా విడిచిపెట్టాలి. చల్లబడిన కూనకు పాలు పట్టకూడదు, అరగవు; ముందు వెచ్చబరచాలి. ఆవుపాలు విరేచనాలు కలిగిస్తాయి కనుక పిల్లికూనల కోసం తయారైన పాలపొడినే కలపాలి. బోర్లా ఉంచి పట్టాలే గాని, పసిపాపవలె వెల్లకిలా పడుకోబెట్టి పడితే పాలు ఊపిరితిత్తులలోనికి పోతాయి. పాలు పట్టిన ప్రతిసారీ తడిదూదితో తుడిచి మలమూత్రాలు వెళ్ళేటట్లు చేయాలి. తల్లి నాలుకతో చేసే పని అది. ఇదంతా మూడు గంటలకొకసారి, రాత్రింబవళ్ళు.

కాలిపర్ తొడిగి పట్టీలు బిగించడానికి నాకు ఏడు నిముషాలు పడుతుంది, విప్పడానికి నాలుగు. రాత్రి మూడుసార్లు లేవాలంటే నిద్రలో అరగంటకు పైగా దానికే పోతుంది. అందుచేత పెట్టెను మంచం ప్రక్కన, దిండు ఎత్తుకు అమర్చాను. ఫ్లాస్కులో వేడినీళ్ళు, ఒకసారికి సరిపడా కొలిచిన పాలపొడి పొట్లాలు, దూది, త్రాసు అన్నీ చేతికందే దూరంలో పెట్టుకున్నాను. మంచం దిగకుండానే పని పూర్తయ్యేది. బరువును గ్రాఫు కాగితం మీద గుర్తించేవాణ్ణి. రోజుకు పది గ్రాములకు తగ్గకుండా పెరిగితే క్షేమమన్నది లెక్క. కంట్రోల్ రూములో ముప్ఫై ఏళ్ళు ఎన్నో రేఖలను చూశాను గాని, వాషరు గీత 200 గ్రాములు దాటిన రాత్రి మా శ్రీమతిని నిద్ర లేపి చూపించినట్లు ఏ రేఖనూ ఎవరికీ చూపించలేదు. "ఏమండీ, మన అమ్మాయి పుట్టినప్పుడు కూడా మీరు ఇంత లెక్కలు వేయలేదు" అని ఆవిడ నవ్వింది.

ఆ నవ్వు వెనుక ఆందోళన ఉన్నదని నాకు తెలుసు. అంతకు ఏడాది ముందు నుండీ నా మంచి కాలు కూడా బలహీనపడసాగింది. మెట్లెక్కితే తొడలో వణుకు. సాయంత్రానికి ఒళ్ళంతా చెప్పలేనంత అలసట. పోలియో తగ్గిన కొన్ని దశాబ్దాల తరువాత కొందరికి ఈ కొత్త బలహీనత వస్తుందని నరాల వైద్యుడు వివరించారు. చచ్చిపోయిన నరకణాల పనిని మిగిలినవి భుజాన వేసుకుని ఏళ్ళ తరబడి మోస్తాయని, చివరకు అవీ అలసిపోతాయని వైద్యుల అభిప్రాయమట. మూడు మోటార్ల భారాన్ని ఒకే మోటారు మీద నడిపితే ఏమవుతుందో మనకెవరూ చెప్పనక్కరలేదు కదా! "శ్రమను పొదుపుగా వాడుకోవాలి. గోడలు పట్టుకుని మొండిగా నడిచే రోజులు అయిపోయాయి" అన్నారాయన. మా నాన్నగారు నేర్పిన మర్కట న్యాయానికి కాలం చెల్లిందని అంత స్పష్టంగా అంతకుముందెవరూ చెప్పలేదు.

ఆహారం విషయంలో మా ఇంట మరొక ధర్మసంకటం. మాది తరతరాలుగా శాకాహార కుటుంబం. పెరుగన్నంతో పిల్లిని పెంచవచ్చునని చాలామంది నమ్మకం. కాని టారిన్ అనే పదార్థాన్ని పిల్లి శరీరం తగినంత తయారుచేసుకోలేదు. అది మాంసాహారంలోనే లభిస్తుంది. లోపిస్తే చూపు మందగిస్తుంది, గుండె కండరం చెడుతుంది. గుండెకు సంబంధించిన ఈ సంగతి 1980లలో రుజువయింది. మా శ్రీమతి నాలుగు రోజులు ఆలోచించి, "దాని ధర్మం దానిది, మన ధర్మం మనది" అని తేల్చింది. ఆహారపు పొట్లాలకు, గిన్నెలకు బాల్కనీలో ప్రత్యేకమైన అలమర ఏర్పడింది. వంటింటి మడికి, పిల్లుల ఆరోగ్యానికి అప్పటినుండి నేటివరకు భంగం కలుగలేదు.

కూనలకు ఐదవ వారం నడుస్తుండగా వాషరు పాలు మానేసింది. వాంతులు, విరేచనాలు, ఆపైన నీరసం. పశువైద్యుడు పరీక్షించి పాన్‌ల్యూకోపీనియా అని నిర్ధారించారు. రక్తంలోని తెల్లకణాలను హరించే వైరస్ వ్యాధి అది. టీకాలు ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో మొదలవుతాయి. ఆ గడువు ఇంకా రాలేదు. సెలైను ఎక్కించడం, వెచ్చగా ఉంచడం తప్ప ప్రత్యేకమైన మందు లేదు. మూడవ రోజు తెల్లవారుజామున అది నా అరచేతిలోనే ప్రాణం విడిచింది. అప్పటి దాని బరువు 390 గ్రాములు. గ్రాఫు కాగితం మీద ఆ గీత అక్కడితో ఆగిపోయింది. ఆ కాగితాన్ని నేటికీ పారవేయలేకపోయాను.

దుఃఖపడే వ్యవధి లేదు. ఆ వైరస్ మొండిది. ఇంటిలో ఏడాది వరకు బ్రతికి ఉండగలదు. మామూలు సబ్బుకు లొంగదు. ఒక పాలు బ్లీచింగు ద్రావణానికి ముప్ఫై రెండు పాళ్ళు నీళ్ళు కలిపి, నేలను, గోడల అడుగుభాగాన్ని, పెట్టెను పది నిముషాలు తడిగా ఉంచి కడగాలి. గుడ్డలు, పరుపులు తీసివేయాలి. నట్టును, బోల్టును వేరుచేసి కనిపెట్టి ఉండాలి. ఇదంతా నేలమీద మోకాళ్ళపై కూర్చుని చేయవలసిన పని. అది నా వల్ల కాని పని. శ్రీమతికి అప్పుడే జ్వరం. గోడలు పట్టుకుని లేవగలిగే కష్టం కాదది.

ఆ ఉదయం నేను ప్రక్క క్వార్టరు తలుపు తట్టాను. అందులో ఉండేది కొత్తగా చేరిన ఒక గ్రాడ్యుయేట్ ట్రెయినీ, మా విభాగం వాడే. "బాబూ, నాకొక సహాయం కావాలి" అన్నాను. ఈ మాట నా నోట అంత సూటిగా రావడం బహుశా అదే మొదలు. అతడు "చెప్పండి సార్" అని, కారణమైనా అడగకుండా ప్యాంటు మడిచి వచ్చాడు. వెంట మరో ఇద్దరిని తెచ్చాడు. మధ్యాహ్నానికి ఇల్లంతా శుభ్రపడింది. నేను కుర్చీలో కూర్చుని పాళ్ళు కొలిచి కలిపి ఇస్తూ ఉన్నాను. చిన్నతనమవుతుందని భయపడినదేదీ జరగలేదు. పని అయిన తరువాత వాళ్ళు కాఫీ త్రాగి, నట్టును చూసి, "సార్, దీనికి రాత్రి పాలు మేము పడతాము" అన్నారు.

అప్పుడు అర్థమయింది, పిల్లికూన నిస్సహాయమైనది కాదని. అది అరుస్తుంది. తానున్న చోటును, తన అవసరాన్ని తెలియజేస్తుంది. తల్లి మెడ పట్టుకోగానే కాళ్ళు ముడుచుకుని కదలకుండా ఉంటుంది. పెనగులాడితే ఇద్దరూ పడతారు. మోయించుకోవడంలోనూ ఒక విద్య ఉన్నది. యాభై ఏళ్ళు పైబడిన తరువాత ఆ విద్యకు నాకు దొరికిన గురువులు అరకిలో బరువైనా లేనివారు. నట్టు, బోల్టు క్షేమంగా బయటపడి, టీకాలు పూర్తిచేసుకుని, ఆ ట్రెయినీ స్వగ్రామంలో అతని తల్లిగారి దగ్గర పెరుగుతున్నాయి.

అందరూ అంత సానుకూలంగా ఉంటారని చెప్పలేను. వికలాంగుడికి తన పని తాను చేసుకోవడమే కష్టం, ఇక ఈ జంజాటమెందుకని ముఖం మీదనే అన్న పెద్దలున్నారు. పిల్లుల వల్ల రోగాలు వస్తాయని మరొక పొరుగువారు ఫిర్యాదు చేశారు. మొదటివారికి సమాధానం చెప్పలేదు. రెండవవారి భయంలో కొంత న్యాయమున్నది గనుక కూర్చోబెట్టి వివరంగా మాట్లాడాను. పిల్లి మలం ద్వారా వచ్చే టాక్సోప్లాస్మా క్రిమి బయటపడిన ఒకటి నుండి ఐదు రోజులకు గాని సోకే దశకు రాదు. ఇసుక పళ్ళాన్ని ఏరోజుకారోజు శుభ్రం చేస్తే ఆ ప్రమాదం చాలావరకు తొలగుతుంది. గర్భిణులు మాత్రం ఆ పనికి దూరంగా ఉండాలి. కరచినా, గీరినా గాయాన్ని పదిహేను నిముషాలు ధారగా పారే నీటిలో సబ్బుతో కడిగి, అదేరోజు వైద్యుని వద్దకు వెళ్ళి రేబీస్ టీకా విషయం తేల్చుకోవాలి. మా పిల్లులన్నిటికీ మూడు నెలలు నిండగానే రేబీస్ టీకా వేయిస్తాము. ఆ పొరుగువారు నా నోటుపుస్తకాన్ని, టీకా కార్డులను ఓపికగా చూశారు. వారి మనుమరాలు ఇప్పుడు సెలవులలో మా ఇంటికి వచ్చి "అంకుల్, ఈరోజు ఎన్ని నియర్ మిస్‌లు?" అని అడుగుతూ ఉంటుంది.

జీవకారుణ్యం మన రాజ్యాంగంలోని 51ఎ(జి) అధికరణం పౌరునికి నిర్దేశించిన ప్రాథమిక విధి. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం క్రూరత్వాన్ని నేరంగా పరిగణిస్తుంది. అయితే చట్టం కన్నా ముందు ఇంగితం అవసరం. సహోద్యోగ మిత్రులకు నా మనవి ఏమనగా: ఎక్కడైనా కూనలు కనిపిస్తే వెంటనే ఎత్తుకురాకండి. తల్లి ఆహారానికి వెళ్ళి ఉండవచ్చు. దూరంగా నిలబడి కొన్ని గంటలు గమనించండి. చలికాలంలో, వానలలో కారు తీసేముందు బానెటు మీద రెండు దెబ్బలు వేయండి. లోపలి వెచ్చదనానికి అవి చేరి ఉంటాయి. మనుషులు వేసుకునే పారాసిటమాల్‌ను పిల్లికి ఎన్నడూ ఇవ్వకండి, అది దానికి ప్రాణాంతకం. ఆడపిల్లి నాలుగైదు నెలలకే చూలు కట్టగలదు. తొమ్మిది వారాలలో ఈనుతుంది. కనుక పెంచుకునేవారు సకాలంలో సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించడమే అన్నిటికన్నా పెద్ద దయ.

వచ్చే ఏడాది నేను పదవీ విరమణ చేస్తాను. క్వార్టరు ఖాళీ చేసి, లిఫ్టు ఉన్న చిన్న ఫ్లాటుకు మారుతున్నాము. వైద్యుని సలహా మేరకు కళ్ళు తెరవని కూనలను ఇకమీదట నేను తీసుకోను. పాలు మాని, మొదటి టీకా పడినవాటికి మాత్రమే మా ఇంట చోటు. రాత్రిపూట పాలు పట్టే పని ఆ ట్రెయినీ మిత్రబృందానికి, మరి రెండు కుటుంబాలకు నేర్పాను. బల్లపెట్టె, త్రాసు, ఫ్లాస్కు వారికి అప్పగించాను. నోటుపుస్తకంలో తరువాతి పేజీ నుండి దస్తూరి మారింది. మొన్న ఆదివారం రాత్రి రెండు గంటలకు ఫోను మ్రోగింది. "సార్, 210 దాటింది!" అన్నదొక గొంతు. శ్రీమతిని లేపి చెప్పాను. ఇద్దరమూ మళ్ళీ హాయిగా నిద్రపోయాము.